పని పోయినా పురిటి డబ్బు పోదు

తలుపుల: ఏరువాక దగ్గర పడింది. మండలంలో ఏ పల్లెకు పోయినా అరుగుల మీద ఆడవాళ్లు విత్తనపు కాయలు వలుస్తూ కనిపిస్తున్నారు. అలాంటి ఓ ఇంటి ముందు తల్లి, పిన్నమ్మ, పక్కింటి ముసలమ్మ చేటల ముందు కూర్చుని గబగబా వలుస్తున్నారు. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి మాత్రం గోడకు ఆనుకుని ఊరికే చూస్తోంది. ఆమెకు ఏడో నెల. వంగి కూర్చోలేకపోతోంది.

పుట్టింటికి కానుపు కోసం వచ్చిందనుకున్నాం. అడిగితే అసలు సంగతి తెలిసింది. నాలుగేళ్లుగా బెంగుళూరులో ఓ గార్మెంటు ఫ్యాక్టరీలో మిషను మీద కుట్టుపని చేస్తోంది. భర్త అక్కడే పెయింటింగు పనికి పోతాడు. ఏప్రిల్ ఆఖరి వారంలో, అయిదో నెల నడుస్తుండగా ఆమె పని పోయింది.

"ఆర్డర్లు లేవంట అన్నా. మా లైను తీసేస్తాండామన్నారు. నలభై మందిని వరసగా నిలబెట్టి సంతకాలు చేయించుకున్నారు. కాగితం కన్నడంలో ఉండాది. నాకు మాట వస్తాది గానీ చదువు రాదు. అందరూ చేస్తాంటే నేనూ చేసేసినా" అని ఆమె చెప్పింది.

పురిటి డబ్బు సంగతి అడిగావా అంటే నవ్వింది. "పనే లేదన్నాక డబ్బెట్లొస్తాదన్నా?"

తల్లి చేతిలోని కాయలు చేటలో వేసి అందుకుంది. "కడుపుతో ఉన్నోళ్లను ఎవురు పెట్టుకుంటారు నాయనా పనిలో. మా కాలంలో చేన్లో కలుపు తీస్తా తీస్తానే నొప్పులొచ్చేవి. మాకెవురిచ్చినారు డబ్బు?"

ఆ తల్లి మాట అబద్ధం కాదు. కానీ కూతురు అడిగిన ప్రశ్నకు జవాబు అది కూడా కాదు. పనే లేదన్నాక డబ్బు ఎట్లా వస్తుంది? వస్తుంది. చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది. తలుపుల, కదిరి, నల్లచెరువు, తనకల్లు వైపు నుంచి బెంగుళూరుకు, హిందూపురం వైపు ఫ్యాక్టరీలకు పోయే ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పేవారు లేకపోవడం వల్లనే ఇది రాయవలసి వచ్చింది.

చట్టం ఏమంటుంది

ఫ్యాక్టరీలో గానీ, పది మందికి పైగా పనిచేసే దుకాణంలో, సంస్థలో గానీ పనిచేసే స్త్రీకి కానుపు సమయంలో 26 వారాల పాటు జీతంతో కూడిన సెలవు ఉంటుంది. అందులో ఎనిమిది వారాల వరకు కానుపుకు ముందే తీసుకోవచ్చు. అప్పటికే ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువమంది బిడ్డలు బతికి ఉన్నవారికి మాత్రం 12 వారాలు. 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజనాల చట్టంలో మొదట అందరికీ 12 వారాలే ఉండేది. 2017లో దాన్ని 26 చేశారు. ఆ చట్టాన్నీ, ఈఎస్ఐ చట్టాన్నీ, ఇంకా కొన్నింటినీ కలిపి 2020లో సామాజిక భద్రతా కోడ్ అనే ఒకే చట్టంగా చేశారు. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. "పాత చట్టం రద్దయింది, ఇప్పుడు అవేమీ లేవు" అని ఎవరైనా అంటే నమ్మవద్దు. పుస్తకం అట్ట మారిందే గానీ ఈ హక్కు అందులోనే ఉంది.

ఈ డబ్బుకు అర్హత పెద్ద కష్టమైనది కాదు. కానుపు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. పూర్వం 160 రోజులు ఉండేది. 1988 సవరణలో దాన్ని సగానికి తగ్గించారు. ఈ 12 నెలల లెక్క జాగ్రత్తగా గమనించాలి. కడుపు మోసేది తొమ్మిది నెలలు. కాబట్టి ఆ పన్నెండులో మూడు నెలలు కడుపు రాకముందువే. మన అమ్మాయి సంగతే చూస్తే, డాక్టరు చెప్పిన తేదీ ఆగస్టు రెండో వారం. అంటే పోయిన ఏడు ఆగస్టు నుంచి లెక్క మొదలవుతుంది. ఏప్రిల్ ఆఖరు దాకా ఎనిమిది నెలలకు పైగా పని చేసింది. 80 రోజులు ఎప్పుడో దాటిపోయాయి.

ఇక అసలు విషయం. కడుపుతో ఉన్న స్త్రీని యజమాని ఏ నెలలో పనిలోంచి తీసివేసినా, ఆ తీసివేత జరగకపోతే ఆమెకు పురిటి డబ్బు వచ్చేదే అయినప్పుడు, ఆ డబ్బు పోదు. 1961 చట్టంలో ఇది 12వ సెక్షన్. కొత్త కోడ్‌లో కూడా అదే మాట ఉంది. ఆమె తీవ్రమైన దుష్ప్రవర్తనకు పాల్పడిందని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప ఆపడానికి వీల్లేదు. ఆర్డర్లు తగ్గడం ఆమె దుష్ప్రవర్తన కాదు గదా. పురిటి సెలవులో ఉండగా తీసివేయడం అయితే అసలే చెల్లదు.

నష్టం వచ్చిన యజమాని మనుషులను తగ్గించుకోకూడదా అని ఒక షావుకారు నన్ను అడిగాడు. తగ్గించుకోవచ్చు. దానికీ చట్టంలో దారి ఉంది. ఏడాదికి 240 రోజులు పనిచేసినవారిని తీసేయాలంటే నెల ముందు నోటీసు గానీ, ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. మామూలుగా చివర చేరినవారిని ముందు తీయాలి. కడుపుతో ఉందని ముందు వరుసలోకి లాగడానికి లేదు. ముఖ్యంగా ఈ పరిహారం వేరు, పురిటి డబ్బు వేరు. ఒకటి ఇచ్చామని రెండోది ఎగ్గొట్టడం కుదరదు.

లెక్క వేసి చూద్దాం. రోజు కూలి 450 రూపాయలు అనుకుందాం. 26 వారాలంటే 182 రోజులు. 81,900 రూపాయలు అవుతుంది. నాలుగేళ్ల సర్వీసుకు పరిహారం 60 రోజులు, 27,000 రూపాయలు. నోటీసు నెల జీతం దీనికి అదనం. మన అమ్మాయి చేతికి వచ్చింది ఆఖరి నెల జీతం, ఓ పీఎఫ్ ఫారం.

ఆదివారాలకు కూడా డబ్బు ఇవ్వాలా అని అనుమానం రావచ్చు. ఈ అనుమానం మీద సుప్రీంకోర్టు దాకా పోయిన కేసు ఉంది. తమిళనాడులో తోటపని చేసే ఒక కూలీకి 12 వారాలకు వారానికి ఆరు రోజుల లెక్కన 72 రోజుల డబ్బే ఇచ్చారు. ఆమె 84 రోజులకు అడిగింది. 1977లో సుప్రీంకోర్టు వారమంటే ఏడు రోజులని, ఆదివారం కూడా కలిపి ఇవ్వాలని తేల్చింది. ఒక తోట కూలీ పన్నెండు రోజుల కూలి కోసం పట్టుబట్టినందువల్ల ఇప్పుడు 26 వారాల్లో 26 ఆదివారాలు ఆడవాళ్లకు కలిసి వస్తున్నాయి. మన లెక్కలో 11,700 రూపాయలు.

కాంట్రాక్టు అయిపోయిందంటే

"నువ్వు పర్మినెంటు కాదు, కాంట్రాక్టు మనిషివి" అన్న మాట ఈ పిల్లలు తరచూ వింటున్నదే. దీనికి రెండు తీర్పులున్నాయి.

ఢిల్లీ నగరపాలక సంస్థలో రోడ్లు తవ్వే పనికి, తట్టలు మోసే పనికి మస్టర్ రోల్ మీద వచ్చే ఆడకూలీలకు పురిటి సెలవు ఇచ్చేది లేదన్నారు. మస్టర్ అంటే మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. 2000 మార్చి 8న సుప్రీంకోర్టు రోజు కూలీకి కూడా ఆ హక్కు ఉందని తీర్పు చెప్పింది.

రెండోది ఇంకా దగ్గరిది. ఢిల్లీలో ఓ ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసే లేడీ డాక్టరు 2017 జూన్ 1 నుంచి పురిటి సెలవు అడిగింది. ఆమె కాంట్రాక్టు జూన్ 11తో సరి. కాబట్టి 11 రోజులకే డబ్బు వస్తుందన్నారు. ఆరేళ్లు తిరిగింది. 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు, కాంట్రాక్టు గడువు ముగిసినా పురిటి డబ్బు మాత్రం పూర్తి కాలానికి ఇవ్వాలని చెప్పింది. అర్హత 80 రోజుల పనితో వచ్చేసింది, తర్వాత ఉద్యోగం ఉన్నా ఊడినా ఆ డబ్బుకు సంబంధం లేదన్నది దాని సారాంశం. ఆ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి మన పక్కనున్న మదనపల్లెవారే. డాక్టరమ్మకు ఆరేళ్లు పట్టిందంటే కుట్టుమిషను పిల్లకు ఎన్నేళ్లు పడుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే తీర్పు ఒకసారి వచ్చాక తర్వాతివారు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కనక్కరలేదు.

ఇది ఈనాటి కొట్లాట కాదు. మన జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడే, 1934లో, ఫ్యాక్టరీ స్త్రీల కోసం మద్రాసు ప్రసూతి చట్టం చేశారు. అంతకుముందే 1928లో బొంబాయి శాసనమండలిలో ఇలాంటి బిల్లును అంబేద్కర్ సమర్థించి మాట్లాడారు. విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లను కూడా ఒకప్పుడు మొదటి కడుపు రాగానే ఉద్యోగంలోంచి తీసివేసే నిబంధన ఉండేది. 1981లో దాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. మిషను మీద కూర్చున్నా, విమానంలో ఎగిరినా యజమాని ఆలోచన ఒకటే అన్నమాట.

ఈఎస్ఐ ఉన్నవారి సంగతి

గార్మెంటు పిల్లల్లో చాలామందికి ఈఎస్ఐ కోత ఉంటుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారి నుంచి నూటికి ముప్పావు రూపాయి కోస్తారు, యజమాని మూడుంబావు కడతాడు. ఇలాంటివారికి పురిటి డబ్బు ఇచ్చేది యజమాని కాదు, ఈఎస్ఐ కార్పొరేషను. ఇది తెలుసుకోవడం చాలా అవసరం. ఎందుకంటే ఫ్యాక్టరీ మూతపడ్డా, యజమాని ఐపీ పెట్టినా ఈఎస్ఐ ఆఫీసు మూతపడదు.

అక్కడ చూసేది చందా. సంవత్సరాన్ని ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు చందా కాలాలుగా విడదీశారు. వరుసగా రెండు కాలాల్లో కలిపి 70 రోజులకు చందా పడి ఉంటే చాలు. మన అమ్మాయి కానుపు ఆగస్టులో. ఆమెకు చూడవలసింది పోయిన ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా. ఆ ఏడాదంతా పనిలోనే ఉంది. ఏప్రిల్లో తీసేసినంత మాత్రాన ఆ చందా చెరిగిపోదు. జీతం చీటీల్లో కోత ఉందో లేదో చూసుకోవాలి. కోత కోసి కట్టని ఘనులు కూడా లేకపోలేదు.

ఈఎస్ఐ ఉన్నచోట యజమాని జేబులోంచి పురిటి డబ్బు పోయేది లేదు కదా, మరి ఎందుకు తీసేస్తారని నాకూ అనుమానం వచ్చింది. బెంగుళూరులో పన్నెండేళ్లు సూపర్‌వైజరుగా చేసి ఊరికి వచ్చేసిన ఒకామె తీర్చింది. ఆరు నెలలు ఆ మిషను మీద ఇంకొకరిని కూర్చోబెట్టాలి. తర్వాత ఈమె వస్తే మళ్లీ చోటు చూపించాలి. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలిచ్చేందుకు రోజుకు రెండుసార్లు పంపాలి. యాభై మంది దాటితే బిడ్డల గది పెట్టాలి. "గంటకిన్ని పీసులని లెక్కపెట్టేవాళ్లకు ఇదంతా యాడ గిట్టుబాటవుతాది?" అంది ఆమె. తానూ అలా కొందరి చేత సంతకాలు చేయించిన దాన్నేనని కూడా దాచకుండా చెప్పింది.

సంతకం దగ్గరే చిక్కు

అన్నిటికన్నా ప్రమాదం ఆ సంతకంలో ఉంది. తీసివేసినవారికే చట్టం రక్షణ. తనంతట తాను మానుకుందని కాగితం పుట్టిస్తే యజమాని వాదనకు బలం వస్తుంది.

మన అమ్మాయితో పాటు సంతకం చేసిన ఇంకో పిల్ల తెలివిగా ఆ కాగితాన్ని సెల్‌ఫోనులో ఫోటో తీసి పెట్టుకుంది. దాన్ని తెప్పించి, బాగేపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఓ వ్యాపారి చేత చదివించాను. "ఇంటి కారణాల వల్ల నా ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నాను, నాకు రావలసినవన్నీ ముట్టినవి" అని ఉందట. నలభై మందికీ ఒకే రోజు, ఒకే అచ్చు కాగితంలో ఇంటి కారణాలు పుట్టుకొచ్చాయన్నమాట. ఆ వ్యాపారి కూడా నవ్వాడు. కానీ ఈ నవ్వులాటే సాక్ష్యం. ఒక్కరి రాజీనామా అయితే నిజమని నమ్మవచ్చు, లైనంతా ఒకే రోజు మానుకుందంటే ఏ అధికారైనా రెండో ప్రశ్న వేస్తాడు.

కాబట్టి చదవలేని కాగితం మీద సంతకం పెట్టవద్దు. పెట్టక తప్పదనుకుంటే, తెలుగులోనైనా సరే, "కడుపుతో ఉన్నాను, పని మానడం నా ఇష్టం కాదు" అని తేదీ వేసి రాసి పెట్టాలి. కాగితం ఫోటో తీసుకోవాలి. కడుపుతో ఉన్న సంగతి ఫ్యాక్టరీకి ముందే రాతపూర్వకంగా తెలపడం ఇంకా మంచిది. చాలామంది దాచిపెడతారు. తెలిస్తే తీసేస్తారని భయం. దాచినందువల్ల రేపు యజమాని "మాకేం తెలుసు" అనడానికి సందు దొరుకుతుంది.

ఒక్కొక్కరు అడిగితే జవాబు రాదు, కలిసి అడిగితే వస్తుందనడానికి బెంగుళూరు గార్మెంటు ఆడవాళ్లే ఉదాహరణ. 2016 ఏప్రిల్లో పీఎఫ్ డబ్బు 58 ఏళ్లదాకా పూర్తిగా తీసుకోరాదని కేంద్రం నిబంధన తెస్తే, వేలాదిగా రోడ్ల మీదికి వచ్చారు. రెండు రోజుల్లో ఆ నిబంధన వెనక్కి పోయింది. 2020 జూన్‌లో శ్రీరంగపట్నంలో ఓ గార్మెంటు ఫ్యాక్టరీ మూసి పన్నెండు వందల మందికి పైగా ఇళ్లకు పొమ్మంటే, ఆడవాళ్లు గేటు ముందు వారాల తరబడి కూర్చున్నారు. అప్పట్లో వందమంది ఉన్న ఫ్యాక్టరీ మూయాలన్నా, మనుషులను తీయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. కొత్త కోడ్‌లో దాన్ని 300కు పెంచారు. చిన్న ఫ్యాక్టరీల యజమానులకు ఇది సులువైంది, పనివారికి కాదు. అయితే అనుమతి అక్కరలేనిచోట కూడా పురిటి డబ్బు, పరిహారం ఇవ్వవలసిందే.

చేన్లో, మగ్గంలో

ఆ తల్లి అన్న మాట దగ్గరికి మళ్లీ రావాలి. మాకెవురిచ్చినారని ఆమె అడిగింది. శనక్కాయ చేన్లో కలుపు తీసే కూలీకి ఈ చట్టం వర్తించదు. ధర్మవరంలో ఇంట్లోనే గుంట మగ్గం మీద కూర్చుని, నిండు నెలల్లో కూడా పట్టుచీర నేసే ఆమెకు యజమాని అనే మనిషి కాగితం మీద ఉండడు. చీర తెగినరోజే కూలి. వీరికి ఉన్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. మొదటి బిడ్డకు 5,000 రూపాయలు రెండు విడతలుగా, రెండో కానుపులో ఆడపిల్ల పుడితే 6,000. అంగన్‌వాడీలో గానీ, ఆశా కార్యకర్త వద్ద గానీ పేరు రాయించుకోవాలి. ఫ్యాక్టరీ స్త్రీకి ఎనభై వేలు, చేని కూలీకి అయిదు వేలు అంటే ఈ తేడా న్యాయమని నాకైతే అనిపించదు. కడుపు ఒక్కటే, నొప్పులు ఒక్కటే.

రాసిన అర్జీ

అడగందే అమ్మయినా పెట్టదంటారు. పురిటి డబ్బు ఇవ్వకుండా తీసేసిన ఉత్తర్వు మీద 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలన్నది చట్టంలోని గడువు. నేను ఆ ఇంటికి పోయిన రోజుకు ఏప్రిల్ ఆఖరు నుంచి నలభై అయిదు రోజులు గడిచాయి. మిగిలింది పదిహేను.

మర్నాడే ఆమెను, తల్లిని వెంటబెట్టుకుని కదిరి కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీకి పోయాం. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. అంతదూరం పోలేనివారు 15100 నంబరుకు ఫోను చేసినా చాలు. ఫ్యాక్టరీ బెంగుళూరులో ఉంది కాబట్టి కేసు అక్కడే నడవాలని, ఇక్కడి నుంచి అర్జీ పంపి ఆ జిల్లా న్యాయసేవా సంస్థకు రాయవచ్చునని వకీలు చెప్పారు. హిందూపురం వైపు ఫ్యాక్టరీ అయితే ఈ తిరుగుడు లేదు, మన కార్మిక శాఖ అధికారికే ఇచ్చుకోవచ్చు.

అర్జీ పెద్దదేమీ కాదు. పేరు, ఫ్యాక్టరీలో నంబరు, చేరిన తేదీ, మాన్పించిన తేదీ, కానుపుకు డాక్టరు చెప్పిన తేదీ. నలభై మంది చేత ఒకే కాగితం మీద సంతకం చేయించిన వైనం. దానికి బెంగుళూరు ఆసుపత్రిలో ఇచ్చిన తాయి కార్డు నకలు, ఆరు జీతం చీటీల నకళ్లు, ఈఎస్ఐ నంబరు, ఫోటో ముద్ర జతచేశారు. కానుపుకు ముందు రావలసిన సొమ్ము ముందుగానే, మిగిలింది బిడ్డ పుట్టిన రుజువు చూపిన 48 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన కూడా అందులో రాయించాం. ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వేరే అర్జీ పెట్టాం. అది త్వరగా తెమలవచ్చునని వకీలు అభిప్రాయం.

తలుపుల పోస్టాఫీసులో మూడు కవర్లు రిజిస్టరు చేయించాం. ఫ్యాక్టరీ మేనేజరుకు ఒకటి, అక్కడి కార్మిక శాఖ అధికారికి ఒకటి, ఈఎస్ఐకి ఒకటి. అక్నాలెడ్జిమెంటు కార్డుల మీద చిరునామా తానే రాస్తానంది ఆ అమ్మాయి. పదో తరగతి దాకా చదివింది, చేతిరాత గుండ్రంగా ఉంది.

ఆమెతో పాటు సంతకం చేసినవారిలో ఇంకో ఇద్దరు కడుపుతో ఉన్నారట. ఒకామెది తనకల్లు వైపు, ఒకామెది కర్ణాటకలోనే. వారికి ఆ రాత్రే ఫోను చేసి చెప్పింది. తనకల్లు పిల్ల వచ్చే సోమవారం కదిరికి వస్తానన్నదట. రెండో ఆమె భర్తనడిగి చెబుతానన్నది.

రిజిస్టరు రసీదులు మూడూ తల్లి ట్రంకుపెట్టెలో, పట్టాదారు పాసుపుస్తకం మడతలో పెట్టింది. గడువుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.